కొండవాలుపై శరత్తు

ఉద్దేశం

ఒక ప్రదేశపు అందాన్ని, ఆ అందానికి మూలమైన జీవన విధానంతో కలిపి పరిశీలించడం యాత్రారచనకు ప్రాణం. చైనాలోని హువాంగ్‌లింగ్ అనే కొండగ్రామంలో కనిపించే శరత్కాల దృశ్యాన్ని ఆధారంగా చేసుకొని, అటువంటి పరిశీలన ఎలా సాగాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

క్రీస్తుశకం ఏడవ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ అనే చైనా బౌద్ధభిక్షువు మన దేశంలో విస్తృతంగా సంచరించి, వేంగి, ధాన్యకటక ప్రాంతాలను కూడా దర్శించాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళిన తరువాత, 646లో పూర్తి అయిన తన యాత్రాగ్రంథంలో ఆంధ్రదేశపు నేల ఎటువంటిదో, వాతావరణం ఎటువంటిదో, ప్రజల స్వభావం ఎలా ఉండేదో రాసి ఉంచాడు. దాదాపు పన్నెండు వందల సంవత్సరాల తరువాత మన తెలుగువాడైన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసి, దారిలోని ప్రతి మజిలీలో నీటివసతి ఎలా ఉన్నదో, అంగళ్ళు ఉన్నవో లేవో, ఇళ్ళు ఎటువంటివో శ్రద్ధగా నమోదు చేశాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తెలుగులో యాత్రాచరిత్ర ప్రక్రియకు తొలి వెలుగు. దేశకాలాలు వేరైనా ఈ ఇద్దరు యాత్రికులలోనూ ఒక సమానగుణం ఉన్నది. ఒక ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి మనుషులు ఏమి తిని, ఎలా బతుకుతున్నారో తెలుసుకోకుండా వారు ముందుకు సాగలేదు.

ఈనాటి యాత్రికుని చేతిలో ఘంటానికి బదులు కెమెరా ఉన్నది. అది లేకపోయినా కెమెరా ఉన్న సెల్‌ఫోను ఉన్నది. చూసినదానిని క్షణంలో పట్టి ఉంచగల సాధనం మనకు లభించింది. అయితే పట్టి ఉంచినదానిని అర్థం చేసుకోవడానికి ఆ సాధనం మనకు తోడ్పడుతున్నదా, లేక అర్థం చేసుకోకుండానే తృప్తి పడడానికి అవకాశమిస్తున్నదా అనేది ఆలోచించదగిన ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి హువాంగ్‌లింగ్ గ్రామం చక్కని ఉదాహరణ. ప్రతి శరత్తులోనూ వేలాదిమంది కెమెరాలతో ఆ ఊరి కొండ ఎక్కుతారు. తెల్లని గోడల మీదుగా, నల్లపెంకుల కప్పుల నడుమ, గాలిలో తేలుతున్నట్లున్న గుండ్రని వెదురు తట్టలలో ఎర్రని మిరపకాయలు, పసుపుపచ్చని మొక్కజొన్నలు ఆరబోసిన దృశ్యాన్ని చిత్రించుకొని వస్తారు. ఆ చిత్రం మనలో చాలామంది ఏదో ఒక క్యాలెండరు మీదనో, పత్రికలోనో చూసే ఉంటారు. ఆ తట్టలు అక్కడికి ఎందుకు వచ్చినవో మాత్రం చిత్రం చెప్పదు.

హువాంగ్‌లింగ్ చైనా ఆగ్నేయభాగంలోని జియాంగ్‌షీ రాష్ట్రంలో, వుయువాన్ మండలంలో ఉన్నది. అక్షాంశాన్ని బట్టి చూస్తే మన ఢిల్లీ నగరానికి ఇంచుమించు సమానమైన ఉత్తర దిశలో ఉన్న ప్రాంతమిది. 'హువాంగ్' అంటే వెదురుపొద, 'లింగ్' అంటే కొండశిఖరం. పేరుకు తగినట్లే చుట్టూ వెదురువనాలు, మెట్లుమెట్లుగా చెక్కిన పొలాలు, వాటి మధ్య వాలుకు అంటిపెట్టుకొని ఉన్న ఇళ్ళు. మింగ్ వంశ చక్రవర్తుల కాలంలో త్సావ్ అనే ఇంటిపేరు గల కుటుంబీకులు ఇక్కడ స్థిరపడినట్లు గ్రామచరిత్ర చెబుతున్నది. అంటే ఈ ఊరి వయస్సు సుమారు అయిదు వందల సంవత్సరాలు.

వుయువాన్ శతాబ్దాల తరబడి హుయ్‌జౌ అనే ప్రాచీన పాలనావిభాగంలో భాగంగా ఉండేది. 1934లో దానిని జియాంగ్‌షీలో చేర్చారు. 1947లో తిరిగి అన్హుయి రాష్ట్రానికి ఇచ్చి, 1949లో మరల జియాంగ్‌షీలో కలిపారు. పాలనాపరమైన సరిహద్దులు మారినా సంస్కృతి మాత్రం హుయ్‌జౌ సంస్కృతిగానే నిలిచింది. కొండలు ఎక్కువ, సాగుభూమి తక్కువ అయిన ఆ సీమలో అందరికీ వ్యవసాయం చాలదు. అందువల్ల బాల్యం దాటీ దాటకముందే మగపిల్లలను వ్యాపారం నేర్చుకొమ్మని దూరదేశాలకు పంపేవారు. ఉప్పు, తేయాకు, కలప వర్తకాలలో మింగ్, చింగ్ వంశాల కాలంలో హుయ్‌జౌ వర్తకులు చైనా అంతటా పేరు పొందారు. సంపాదించిన ధనాన్ని సొంత ఊరికి పంపి ఇళ్ళు, పితృదేవతల మందిరాలు, పాఠశాలలు కట్టించారు. మహాతత్త్వవేత్త జూషీ పూర్వికుల స్వస్థలం కూడా వుయువానే.

ఆ ఇళ్ళ నిర్మాణం ప్రత్యేకంగా గమనించదగినది. వెలుపలి గోడలు ఎత్తుగా, సున్నపు తెలుపుతో, చిన్నచిన్న కిటికీలతో ఉంటాయి. ఇంటికి ఇంటికి మధ్య గోడలు కప్పును దాటి పైకి లేచి, మెట్ల ఆకారంలో దిగుతాయి. గుర్రపు తలను తలపింపజేయడం వల్ల వాటికి 'గుర్రపుతల గోడలు' అని పేరు. చూడడానికి అలంకారంగా కనిపించే ఈ గోడల అసలు ప్రయోజనం అగ్నినివారణ. కలపతో కట్టిన ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నచోట ఒక ఇంటికి అంటుకున్న నిప్పు పక్క ఇంటికి పాకకుండా ఆ గోడ అడ్డుకుంటుంది. ఇంటి నడుమ ఆకాశం కనిపించే చతురస్రాకారపు ఖాళీస్థలం ఉంటుంది. నాలుగు కప్పుల వాననీరు అందులోకే జారిపడుతుంది. నాలుగు దిక్కుల నీరూ ఇంటికే చేరినట్లు సంపద కూడా ఇంటికే చేరాలని ఆ గృహస్థుల ఆకాంక్ష. మన కోస్తాజిల్లాలలోని మండువా లోగిళ్ళను చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. గాలి, వెలుతురు, వాననీరు అనే మూడు అవసరాలకు రెండు దూరదేశాల గృహనిర్మాతలు ఒకే విధమైన సమాధానం కనుగొన్నారు.

ఇక తట్టల సంగతి. చైనీయులు ఈ ఆచారాన్ని 'షాయ్ ఛ్యూ' అంటారు. 'షాయ్' అంటే ఎండబెట్టడం. 'ఛ్యూ' అంటే శరత్తు. రెండు పదాలనూ కలిపితే 'శరత్తును ఎండబెట్టడం' అనే అందమైన అర్థం వస్తుంది. కాని ఈ ఆచారం అందం కోసం పుట్టలేదు. పల్లపు ప్రాంతపు రైతుకు పంట ఆరబోసుకోవడానికి కళ్ళం ఉంటుంది, వాకిలి ఉంటుంది. నిటారైన కొండవాలుపై ఇల్లు కట్టుకొన్న హువాంగ్‌లింగ్ రైతుకు చదునైన నేల జానెడైనా దొరకదు. అందువల్ల అతడు నేలమీద లేని కళ్ళాన్ని గాలిలో సృష్టించుకొన్నాడు. మేడమీది గది కిటికీ నుండి పొడవైన కర్రదూలాలను బయటికి చాపి, వాటిపై వెదురు తట్టలను పరిచి, తట్టలలో పంటను ఆరబోశాడు. పొద్దుగూకిన తరువాతనో, వాన వచ్చే సూచన కనిపించినప్పుడో కిటికీలో నిలబడి తట్టలను లోపలికి లాగుకుంటే చాలు.

ఈ ఏర్పాటుకు ఇంటి నిర్మాణం కూడా సహకరిస్తుంది. కొండవాలు కారణంగా ఇంటి కింది అంతస్తు ముందరి దారిలోకి తెరుచుకుంటే, పై అంతస్తు వెనుక ఉన్న ఎత్తైన దారికి సమంగా ఉంటుంది. పొలం నుండి మోసుకొని వచ్చిన పంటను వెనుక దారి నుండి నేరుగా పై అంతస్తులో దించి, ముందువైపు కిటికీ నుండి ఎండకు పెట్టవచ్చు. తట్ట నేలకు తగలకుండా గాలిలో ఉండటం వల్ల పైనుండి ఎండ, కిందినుండి గాలి తగిలి గింజ త్వరగా ఆరుతుంది. దుమ్ము పడదు, కోళ్ళు కెలకవు. గింజలో తేమ మిగిలితే బూజు పట్టి, శీతాకాలమంతా తినవలసిన తిండి పాడవుతుంది. వసంతంలోనూ, వేసవి తొలినాళ్ళలోనూ విడవకుండా వానలు కురిసే ఆ సీమలో శరత్కాలపు పొడి ఎండ రైతుకు లభించే అమూల్యమైన అవకాశం. దానిని ఒక్కరోజు కూడా వృథా చేసుకోరాదు. మిరపకాయలు, మొక్కజొన్నలు, సోయా చిక్కుడు గింజలు, గుమ్మడి ముక్కలు, తేనీటిలో వేసుకొనే చేమంతిపూలు, నూనె తీసే కమేలియా గింజలు - ఒకదాని తరువాత ఒకటిగా తట్టలకెక్కుతాయి. ఊరంతా ఒకేసారి ఈ పని చేయడం వల్ల కొండవాలు వర్ణచిత్రంలా మారుతుంది. ఆ చిత్రానికి చిత్రకారుడు లేడు. ఉన్నది అవసరం మాత్రమే.

ఇక్కడ మరొక చారిత్రక సత్యాన్ని గుర్తుచేసుకోవాలి. ఈ దృశ్యంలోని రెండు ప్రధానవర్ణాలు మిరప ఎరుపు, మొక్కజొన్న పసుపు. ఈ రెండు పంటలకూ జన్మభూమి అమెరికా ఖండం. పదహారవ శతాబ్దంలో సముద్రమార్గాల ద్వారా ఆసియాకు వచ్చిన ఈ మొక్కలలో మిరప ప్రస్తావన చైనా గ్రంథాలలో మొదటిసారిగా 1591లో కనిపిస్తుంది. అనాదిగా ఉన్నదని మనం భావించే దృశ్యం నిజానికి కొత్త పంటలను పాత పనిలోకి స్వీకరించిన రైతుల వివేకానికి సాక్ష్యం. మనకు కూడా మిరపను పరిచయం చేసినవారు పోర్చుగీసు వర్తకులే. మిరప లేని తెలుగు వంటను ఊహించలేని మనం, ఆ కాయ మన పొలాలకు వచ్చి అయిదు శతాబ్దాలే అయినదంటే ఆశ్చర్యపోతాము. మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు సీమలో కళ్ళాల మీద ఎర్రని తివాచీ పరిచినట్లు ఎండే మిరపకు, హువాంగ్‌లింగ్ తట్టలలోని మిరపకు దూరపు చుట్టరికం ఉన్నది. అక్కడ శరత్తు చేసే పనిని ఇక్కడ శిశిరాంతపు ఎండ చేస్తుంది.

శరత్తు అనగానే రెండు భాషల సాహిత్యాలలోనూ స్ఫురించే భావాలు వేరువేరు. తెలుగు కవికి శరత్తు వెన్నెల ఋతువు. వానలు వెనుకబట్టి, బురద ఇంకి, ఏటినీరు తేటపడి, రెల్లుపూలు తెల్లగా విచ్చుకొనే కాలం. ఆదికవి నన్నయభట్టు అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రులను వర్ణించాడు. ఆయన భారతరచన ఆ వర్ణనతోనే ఆగిపోయినదని సాహిత్యచరిత్రకారులు చెబుతారు. మన శరచ్చంద్రికలో ఆకులు రాలవు. ఆకు రాలడం మనకు శిశిరధర్మం. చైనా కవికి శరత్తు అంటే కోత, మంచు, రంగు మారిన ఆకు, పూచిన చేమంతి. అయిదవ శతాబ్దపు తొలినాళ్ళలో మరణించిన తావ్ యువాన్‌మింగ్ పేరు చెప్పగానే చైనీయులకు చేమంతి గుర్తుకు వస్తుంది. తొమ్మిదవ శతాబ్దపు కవి దు ము, కొండదారిలో కనిపించిన శరత్కాలపు ఎర్రని ఆకులపై రాసిన నాలుగు పాదాల పద్యం అక్కడి పాఠశాల విద్యార్థులకు కంఠస్థం. చైనా లిపిలో శరత్తును సూచించే అక్షరంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి పైరును, మరొకటి నిప్పును సూచిస్తుంది. ఆ అక్షరం కింద హృదయాన్ని సూచించే గుర్తును చేర్చితే దిగులు అనే అర్థం వస్తుంది. పండిన పైరు, రాబోయే చలి, వాటి నడుమ మనిషి మనస్సు - ఇన్ని భావాలను ఒక్క అక్షరం మోస్తున్నది.

ఎర్రని ఆకులు చూడగోరే యాత్రికుడు నవంబరు మధ్యనుండి డిసెంబరు తొలిరోజుల వరకు వుయువాన్ పల్లెలకు వెళ్ళడం మంచిది. ఆకు రంగు మారడానికి కారణం స్పష్టమైనదే. పగటికాలం తగ్గి, చలి పెరిగినప్పుడు చెట్టు ఆకులలోని పచ్చదనాన్నిచ్చే పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది. అంతవరకు దాని చాటున ఉన్న పసుపు వర్ణద్రవ్యాలు అప్పుడు బయటపడతాయి. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టని చలి ఉన్నట్లయితే ఆకులో మిగిలిన చక్కెరల నుండి ఎర్రని వర్ణద్రవ్యం కొత్తగా తయారవుతుంది. అందుకే ఒకే చెట్టు ఒక ఏడు అగ్నివర్ణంతో మెరిసి, మరొక ఏడు వెలిసినట్లు కనిపించవచ్చు. ఆ మహావృక్షాలు ఇంతకాలం నిలిచి ఉండటానికి గ్రామస్థుల కట్టుబాటు కూడా కారణమే. ఊరినుండి ఏరు వెలుపలికి పోయే చోటును 'జలద్వారం' అని పిలిచి, అక్కడి చెట్లను నరకరాదని హుయ్‌జౌ గ్రామాలవారు నియమం పెట్టుకొన్నారు. ఊరి అదృష్టం ఆ వృక్షాలలో ఉన్నదని వారి నమ్మకం. నమ్మకం ఏదైనా, నేల కోత పడకుండా, నీరు నిలిచేటట్లు చేసింది ఆ చెట్లే.

వుయువాన్‌లోనే షిచెంగ్ అనే మరొక పల్లె ఉన్నది. అక్కడి సూర్యోదయం ఛాయాచిత్రకారులలో మిక్కిలి ప్రసిద్ధం. చీకటి విడవకముందే వారు ఎదుటి కొండ ఎక్కి, ముక్కాలిపీటలు నిలిపి వేచి ఉంటారు. రాత్రివేళ చల్లని బరువైన గాలి లోయలో దిగి నిలుస్తుంది. తెల్లవారి పొయ్యిలు రాజుకోగానే వంటిళ్ళ పొగ పైకి ఎగసిపోలేక, ఆ చల్లగాలి పొరలోనే పలుచని తెరలా వ్యాపిస్తుంది. తొలికిరణాలు ఏటవాలుగా ఆ తెరలోకి దిగినప్పుడు, ఎర్రని ఆకుల నడుమ తెల్లని గోడలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఆ దృశ్యం నిమిషాలలో మారిపోతుంది. అయితే వంటచెరకు వాడకం తగ్గిన ఈ కాలంలో, కెమెరాల కోసమే కావాలని పొగ పెట్టడం కూడా కద్దు. చూసేవాడికి రెండు పొగలూ ఒక్కటిగానే కనిపిస్తాయి. ఒకటి అన్నం ఉడికించిన పొగ, మరొకటి చిత్రం కోసం లేచిన పొగ.

ఛాయాచిత్రకళలో అభిరుచి గల విద్యార్థి ఈ గ్రామాల నుండి కొన్ని మెలకువలు నేర్చుకోవచ్చు. కెమెరా తాను చూసే ప్రతి దృశ్యాన్నీ నలుపు తెలుపుల మధ్యస్థాయి వెలుతురుగా భావించి లెక్క కట్టుకుంటుంది. అందువల్ల దృశ్యంలో తెల్లని గోడలు అధికంగా ఉంటే, అవి బూడిదరంగుకు దిగిపోతాయి. వెలుతురు మోతాదును కొంచెం పెంచితేనే సున్నపు తెలుపు తెలుపుగా వస్తుంది. సెల్‌ఫోనులో కూడా తెరపై వేలితో తాకి ఈ మార్పు చేసుకోవచ్చు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు తట్టల నీడలు నేరుగా కిందికి పడి, ఆకారాలు చదునుగా కనిపిస్తాయి. ఉదయ సాయంకాలాల ఏటవాలు వెలుగులో ప్రతి మిరపకాయకూ తన నీడ, తన వంపు దక్కుతాయి. ఊరిని దూరంనుండి మొత్తంగా చిత్రించిన తరువాత దగ్గరికి వెళ్ళి ఒక్క కిటికీని చిత్రించాలి. ఆ కిటికీలో తట్టను తిప్పుతున్న చేయి ఉంటే, ఆ చేయే చిత్రానికి కేంద్రం. రంగులు చూపును ఆకర్షిస్తాయి. ఆ రంగులు ఎందుకు ఉన్నవో చేయి చెబుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా దృశ్యపు ఒక ముఖం. రెండవ ముఖాన్ని కూడా చూడటం యాత్రికుని ధర్మం. గత శతాబ్దపు చివరినాటికి హువాంగ్‌లింగ్ దాదాపు ఖాళీ అయ్యే స్థితికి వచ్చింది. మంచి దారి లేదు, నీటికి ఎద్దడి, కొండచరియలు విరిగిపడతాయనే భయం. యువతరం జీవనోపాధి కోసం పట్టణాలకు తరలిపోయింది. ఇది ఈ ఒక్క ఊరి కథ కాదు. 2011లో చైనా జనాభాలో పట్టణవాసుల వాటా మొదటిసారిగా సగాన్ని దాటింది. 2020 జనగణన నాటికి అది 64 శాతానికి చేరువైంది. మనుషులు లేని ఇళ్ళకు చెదలు, వానలే యజమానులయ్యాయి. 2009లో ఒక పర్యాటక సంస్థ స్థానిక ప్రభుత్వ సహకారంతో ఈ ఊరిని అభివృద్ధి చేయడానికి పూనుకొన్నది. గ్రామస్థులకు కొండ దిగువన కొత్త ఇళ్ళు కట్టించి ఇచ్చి, పైనున్న పాత ఇళ్ళను తన ఆధీనంలోకి తీసుకొని బాగుచేయించింది. వుయువాన్‌లోని ఇతర పల్లెలలో శిథిలమవుతున్న కొన్ని పాత ఇళ్ళను కూడా విడదీసి తెచ్చి ఇక్కడ నిలబెట్టింది. కొండపైకి తీగమార్గం వచ్చింది. ప్రవేశ రుసుము వచ్చింది. 2015లో వుయువాన్‌కు అతివేగ రైలు మార్గం ఏర్పడిన తరువాత యాత్రికుల రాక మరింత పెరిగింది. 2023లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ హువాంగ్‌లింగ్‌ను ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా గుర్తించింది.

ఈనాడు తట్టలలో పంట ఆరబోసేవారిలో అనేకులు ఆ ఊరి ఆడవారే. కాని వారు ఇప్పుడు పొద్దున్నే కొండ దిగువనున్న కొత్త ఇంటినుండి పైకి వచ్చి, జీతానికి ఆ పని చేసి, సాయంకాలం దిగిపోతారు. పండుగ దినాలలో మిరపకాయలు, మొక్కజొన్నలను పేర్చి జాతీయపతాక ఆకారాన్ని తీర్చిదిద్దుతారు. పూర్వం తట్ట ఎప్పుడు బయటికి రావాలో ఎండ నిర్ణయించేది; ఇప్పుడు యాత్రికుల రాక కూడా నిర్ణయిస్తున్నది.

ఈ మార్పును గురించి రెండు అభిప్రాయాలు వినవస్తాయి. ఊరు రంగస్థలమైపోయినదనీ, పని నటనగా మారినదనీ, తల్లిదండ్రులు, తాతముత్తాతలు బతికిన ఇంటికి మనుమలు కూలికి రావడం విచారకరమనీ కొందరి వాదం. ఆ ఏర్పాటే లేకపోతే ఈపాటికి ఇళ్ళు కూలి, ఆచారం మరుగునపడి, పేర్లు మాత్రమే మిగిలేవనీ, గ్రామస్థులకు నీరు, దారి, ఆదాయం దొరికినవనీ మరికొందరి సమాధానం. నిష్పక్షపాతంగా ఆలోచిస్తే రెండు వాదాలలోనూ సత్యం ఉన్నది. పాత ఇంట్లోని కష్టాన్ని అనుభవించనివారు ఆ ఇంటిని విడిచిరావద్దని గ్రామస్థులకు చెప్పడం న్యాయం కాదు. నీటిబిందె మోసిన భుజానికే ఆ బరువు తెలుస్తుంది. అదే సమయంలో, ఇల్లు నిలిచినంత మాత్రాన ఊరు నిలిచిందని అనుకోవడం కూడా తొందరపాటే. పొయ్యి వెలగని ఇల్లు, పిల్లల గొంతు వినపడని వీధి ఊరికి నీడ వంటివి. చైనా ప్రభుత్వం 2012లో సంప్రదాయ గ్రామాల జాబితాను ప్రారంభించి, 2023 నాటికి ఆరు విడతలలో 8,155 గ్రామాలను అందులో చేర్చింది. వీటన్నింటినీ యాత్రికులే పోషించలేరు. గోడలను కాపాడుతూనే, ఆ గోడల మధ్య మనుషులు బతికే మార్గాన్ని వెదకడమే అసలైన సమస్య.

అయితే కెమెరా పట్టిన యాత్రికుడు చేయవలసినదేమిటి? చిత్రం తీయడం మానుకోనక్కరలేదు. తాను చూసినది ఏమిటో తెలుసుకొని చిత్రించాలి. తెలిసినది దాచకుండా చెప్పాలి. 'వందల ఏళ్ళుగా మారని పల్లె' అని చిత్రం కింద రాస్తే అది అసత్యం. 'చదునైన నేల లేక పుట్టిన ఆచారం. ఇప్పుడు యాత్రికుల కోసం కొనసాగుతున్నది' అని రాస్తే చిత్రం విలువ తగ్గదు, పెరుగుతుంది. పని చేస్తున్న మనిషిని చిత్రించేముందు కనుసైగతోనైనా అనుమతి అడగాలి. ఆమె వద్దంటే కెమెరా దించాలి. తట్టలోని పంటను రంగుల కోసం కదిలించరాదు. పొలంగట్లను తొక్కి పాడుచేయరాదు. వీలైతే ఆ ఊరివారు వండినది తిని, వారు పండించినది కొనాలి. యాత్రికుడు ఇచ్చే సొమ్ములో కొంతైనా పంట పండించిన చేతికి చేరడం న్యాయం.

ఇటువంటి పరిశీలనకు చైనా వరకు వెళ్ళవలసిన పని లేదు. వేసవి ఎండలో మిద్దెమీద పాత చీర పరిచి ఒడియాలు పెట్టే అమ్మమ్మ, కళ్ళంలో మిరపకాయలు తిరగబోసే కూలీ, చింతపండు గింజ తీసి ఎండబెట్టే ఇల్లాలు కూడా ఎండను రేపటి తిండిగా మార్చుకొంటున్నవారే. ఆ పనులు కూడా ఒక్కొక్కటిగా ఇళ్ళనుండి తగ్గిపోతున్నవి. అవి రేపు ఏదో ఒక ప్రదర్శనశాలలో నటనగా కనిపించకముందే, ఇంకా అవసరంగా ఉన్నప్పుడే వాటిని చూసి, ఎలా చేస్తారో అడిగి తెలుసుకొని, చిత్రించి, రాసి పెట్టుకోవడం నేటి విద్యార్థులు చేయగల మంచిపని. ఎండబెట్టిన గింజ వచ్చే ఏటికి విత్తనమైనట్లు, శ్రద్ధగా చూసి రాసినది తరువాతి తరానికి జ్ఞానమవుతుంది.

పదాలు - అర్థాలు

మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
ఘంటం : తాటాకుపై రాసే సాధనం
కళ్ళం : పంట నూర్చి, ఆరబోసే చదునైన స్థలం
మండువా లోగిలి : నడుమ ఆకాశం కనిపించే ఖాళీస్థలం గల ఇల్లు
పత్రహరితం : ఆకులకు ఆకుపచ్చరంగునిచ్చే పదార్థం
కద్దు : ఉన్నది
ఎద్దడి : కొరత

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. హువాంగ్‌లింగ్‌లో 'షాయ్ ఛ్యూ' ఆచారం పుట్టుకకు గల కారణాలను, దాని విధానాన్ని వివరించండి.
2. హువాంగ్‌లింగ్‌లో వచ్చిన మార్పును గురించి వినవస్తున్న రెండు అభిప్రాయాలను తెలిపి, మీ అభిప్రాయాన్ని సమర్థించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. గుర్రపుతల గోడల ప్రయోజనం ఏమిటి?
2. తెలుగు, చైనా సాహిత్యాలలో శరత్తు భావన ఎలా భిన్నమైనది?
3. ఆకులు ఎర్రబారడానికి కారణాలేమిటి?
4. కెమెరా పట్టిన యాత్రికుడు పాటించవలసిన మర్యాదలేవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. 'కాశీయాత్ర చరిత్ర' ఎప్పుడు అచ్చయింది?
2. మిరప ప్రస్తావన చైనా గ్రంథాలలో మొదట ఎప్పుడు కనిపించింది?
3. 'జలద్వారం' అంటే ఏమిటి?

IV. సంధులు

శరచ్చంద్రిక : శరత్ + చంద్రిక - శ్చుత్వసంధి
సూర్యోదయం : సూర్య + ఉదయం - గుణసంధి
జీవనోపాధి : జీవన + ఉపాధి - గుణసంధి

V. సమాసాలు

కొండవాలు : కొండ యొక్క వాలు - షష్ఠీ తత్పురుష సమాసం
నల్లపెంకులు : నల్లనైన పెంకులు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
తల్లిదండ్రులు : తల్లియును, తండ్రియును - ద్వంద్వ సమాసం

VI. అభ్యాసం

మీ ఇంట్లోగాని, మీ ఊరిలోగాని ఎండ సహాయంతో నిలువచేసే ఆహారపదార్థం ఒకదానిని ఎన్నుకోండి. దానిని తయారుచేసేవారిని అడిగి, పద్ధతిని, కాలాన్ని, మెలకువలను తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి. వారి అనుమతితో ఒక ఛాయాచిత్రం తీసి, దానికింద రెండు వాక్యాల వివరణ చేర్చండి.